బోటు మేస్త్రీ మాట సగమే వినండి

ప్రశ్న: మాది కాకినాడ. మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రిమోట్‌తో ఎగిరే, రెండు మీటర్ల రెక్కలున్న ఎలక్ట్రిక్ గ్లైడర్‌ను బాల్సా అనే తేలిక చెక్కతో కట్టాను. బ్యాటరీ 3ఎస్ 2200 (మూడు సెల్లులు, 2200 ఎంఏహెచ్). బాగానే ఎగురుతుంది గానీ, దిగినప్పుడల్లా రెక్క వెనక బాడీ విరుగుతోంది. అందుకని ఫైబర్ బాడీ చేద్దామనుకున్నాను. థర్మోకోల్‌తో నమూనా చెక్కి, లప్పం పెట్టి, డబ్బా స్ప్రే పెయింట్ కొట్టి, కారు పాలిష్ రుద్దాను. ఫైబర్ బోట్లు చేసే మేస్త్రీ దగ్గర రెజిన్, మ్యాట్ తెచ్చి పై సగం, కింది సగంగా అచ్చు తీశాను. నమూనా అచ్చులోనే ఇరుక్కుపోయింది, ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది. తప్పెక్కడ జరిగింది? అచ్చునే నేరుగా 3డి ప్రింట్ చేస్తే ఈ గొడవంతా తప్పుతుందా? బాడీకి ఎన్ని పొరలు వేయాలి, బరువెంత రావాలి? స్నేహితులేమో మొత్తం కార్బన్‌తో చేయమంటున్నారు. ఫొటోలు జత చేశాను.

సమాధానం: ఫొటోలు నిదానంగా చూశాను. పొరపాటు ఒకటి కాదు, మూడున్నాయి. నమూనా అచ్చులో ఇరుక్కోవడానికి వాటిలో ఏ ఒక్కటైనా చాలు. మూడూ కలిశాక కూడా అది బయటికొచ్చి ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

మొదటిది పెయింట్. మేస్త్రీ ఇచ్చిన పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. ముక్కుకి ఘాటుగా తగిలే ఆ వాసన దానిదే. డబ్బా స్ప్రే పెయింట్‌ను అది మెత్తబరుస్తుంది. మెత్తబడిన పెయింట్ ముడతలు పడి, రెజిన్‌తో కలిసి గట్టిపడిపోతుంది. లప్పంలో ఎక్కడైనా సన్నని పగులు దొరికిందంటే థర్మోకోల్ దాకా వెళ్లి దాన్ని కూడా కరిగిస్తుంది. మీ ఫొటోలో ముక్కు దగ్గర కనిపిస్తున్న గుంట అలా వచ్చిందే. రెండోది కారు పాలిష్. చాలా పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. మెరుపు బాగా వస్తుంది గానీ అచ్చు విడిపోవడానికి వాడాల్సింది అది కాదు. మీ ఉత్తరంలో పీవీఏ (అచ్చు విడిపోవడానికి పూసే ద్రవం) మాటే లేదు కాబట్టి అది అసలు పూయలేదనుకుంటున్నా. ఒకవేళ పూసినా సిలికాన్ మీద అది నిలవదు, బొట్లు బొట్లుగా విడిపోతుంది.

మూడోదే అసలైనది: ఆకారం. మీరు పాత బాల్సా బాడీ కొలతలనే ఫైబర్‌కీ వాడారు. బాల్సా షీట్లు కోసి అతికించేటప్పుడు పెట్టె ఆకారం సుఖం, అందుకే పక్కలు చదునుగా, నిటారుగా ఉన్నాయి. దాన్ని పై సగం, కింది సగంగా విడదీస్తే ప్రతి సగానికీ రెండు నిట్టనిలువు గోడలు వస్తాయి. అచ్చును పైకి లాగుతున్నంతసేపూ ఆ గోడలు నమూనాను రాసుకుంటూనే రావాలి. పైగా పాలిస్టర్ గట్టిపడేటప్పుడు కుదించుకుపోతుంది, అంటే నమూనాను ఇంకా బిగించి పట్టుకుంటుంది. పెయింట్, పాలిష్ సరిగ్గా ఉన్నా ఇది తేలిగ్గా ఊడేది కాదు.

అందుకని కొత్త బొమ్మ గీసేటప్పుడు ముందు గీయాల్సింది బాడీని కాదు, పార్టింగ్ లైన్‌ని. అచ్చు సగాలు ఏ గీత మీద కలుస్తాయి, ఏ వైపుకి విడిపోతాయి అన్నది తేల్చుకోండి. మిగతా ఆకారమంతా దానికి లోబడి రావాలి. మీ గ్లైడర్‌కైతే ఎడమ సగం, కుడి సగంగా విడదీయమంటాను. అతుకు గీత వీపు మీదుగా ఒకటి, పొట్ట కింద ఒకటి వెళ్తుంది. అడ్డంగా కోసి చూస్తే బాడీ కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. అప్పుడు ఏ సగమైనా పక్కకి లాగిన మరుక్షణం నమూనాను వదిలేస్తుంది. ఎక్కడైనా చదును తప్పదంటే అక్కడ కనీసం రెండు మూడు డిగ్రీల వాలు ఇవ్వండి. పక్కలకి పొడుచుకొచ్చే గాలి రంధ్రాలు, రెక్క సీటు అంచున బయటికి వచ్చే పెదవుల్లాంటివి ఇప్పుడు వద్దు. కావాలంటే బాడీ అయ్యాక విడిగా అతికించుకోవచ్చు.

గుడ్డు ఆకారం అచ్చు కోసమే కాదు. పలుచని ఫైబర్ చదునుగా ఉంటే నూనె డబ్బా పక్క నొక్కినట్టు టకటకమని లోపలికీ బయటికీ పోతుంది. దాన్ని ఆపడానికి ఇంకో పొర, ఇంకో పొర వేస్తూ బరువు పెంచుతారు. అదే పొర వంపుగా ఉంటే తనంతట తనే బిగుసుగా నిలబడుతుంది. బాల్సాలో బిగువు మందం నుంచి వస్తుంది, ఫైబర్‌లో వంపు నుంచి వస్తుంది. పాత బొమ్మ పక్కన పెట్టమనడానికి ముఖ్య కారణం ఇదే.

లోపలి కొలతలు బ్యాటరీ నుంచి మొదలుపెట్టండి. మీరు రాసిన 3ఎస్ 2200 బ్యాటరీ సుమారు 105 మి.మీ. పొడవు, 34 వెడల్పు, 25 మందం ఉంటుంది. సీజీ (గ్లైడర్ బరువు సమతూకంగా నిలిచే చోటు) సర్దుకోవడానికి అది ముందుకీ వెనక్కీ ఓ నాలుగు సెంటీమీటర్లు జరగాలి. దాని చుట్టూ చెయ్యి పట్టేంత చోటు చూసుకుని బయటి గీత గీయండి. ముక్కు చివర స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే మొన మూత) వెనక పళ్లెం కొలతకి సరిపోవాలి కాబట్టి ముందు స్పిన్నర్ కొని, తర్వాత ముక్కు గీయండి. చాలామంది దీన్ని తిరగేసి చేసి, సరిపోయే స్పిన్నర్ కోసం ఊళ్లన్నీ తిరుగుతారు. రెక్క సీటు కోణాన్ని కూడా నమూనాలోనే పెట్టేయాలి. అచ్చు అయ్యాక దాన్ని మార్చడమంటే ప్రతి బాడీనీ అరగదీయడమే.

ఇక 3డి ప్రింటర్ సంగతి. వాడండి, కానీ అచ్చు కోసం కాదు, ప్లగ్గు కోసం. ప్లగ్గు అంటే మీరు థర్మోకోల్‌తో చెక్కిన నమూనాయే. ప్రింట్ అయిన దేనికైనా పొరల గీతలు ఉంటాయి, వాటిని రుద్ది పోగొట్టాల్సిందే. ఉబ్బుగా ఉన్న బయటి తలాన్ని నున్నగా రుద్దడం ఓపికతో అయిపోయే పని. లోతుగా ఉన్న అచ్చు లోపలి తలాన్ని రుద్దడం నరకం. పేపర్ చుట్టిన చెక్క అందులో సరిగ్గా కూర్చోదు, వేళ్లతో రుద్దితే పల్లాలు పడతాయి. ఒకటి రెండు బాడీలు చాలు, నున్నదనం గురించి పట్టింపు లేదు అనుకునేవాళ్లు నేరుగా అచ్చునే ప్రింట్ చేసుకుంటారు, అది తప్పేమీ కాదు. మీకు ప్రతి ల్యాండింగ్‌కీ బాడీ విరుగుతోందంటున్నారు కాబట్టి, పది బాడీలు తీసినా చెక్కుచెదరని అచ్చు ఉండటం నయం.

ప్లగ్గును మూడు నాలుగు ముక్కలుగా ప్రింట్ చేసి, మధ్యలో అల్యూమినియం గొట్టం దూర్చి అతికించండి. ముక్కలు వంకర పోకుండా ఆ గొట్టమే పట్టి ఉంచుతుంది. ప్రింటర్‌లో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో డాబా మీద ఎండలో గానీ, అద్దాలు మూసిన కారులో గానీ పెట్టారంటే అరటిపండు ఆకారంలో ఉన్న బాడీ వస్తుంది.

ప్లగ్గు పైన పని మాత్రం పొదుపు చేయకండి. మొత్తం శ్రమలో సగం ఇక్కడే పోవాలి. కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్లి రెండు భాగాలు కలిపే ప్రైమర్, ఆ పైన రెండు భాగాలు కలిపే పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ కొట్టించండి. హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపిన పీయూ పూర్తిగా ఆరాక స్టైరీన్ దాన్ని ఏమీ చేయలేదు. ప్రైమర్ మీద 220 నుంచి మొదలుపెట్టి 400, 600 వాటర్ పేపర్. పీయూ ఆరాక 1000, 1500, 2000. చివర రబ్బింగ్ కాంపౌండ్. ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూస్తే లైటు నీడ తిన్నగా జారాలి, ఎక్కడైనా వణికిందంటే అక్కడ పల్లం ఉంది. ప్లగ్గు మీద ఉన్న గీత అచ్చులోకి, అచ్చులోంచి ప్రతి బాడీ మీదికీ వస్తుంది. ఈ గుణాన్ని మనకి అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. మూత కోయాల్సిన చోట, సర్వో రాడ్ (తోకను కదిపే కడ్డీ) బయటికొచ్చే చోట ప్లగ్గు మీద సన్నగా సూదితో గీత గీయండి. అచ్చులో అది చిన్న గట్టుగా వస్తుంది, బాడీ మీద మళ్లీ గీతగా పడుతుంది. ఇక ప్రతి బాడీ మీదా టేపు పట్టుకుని కొలవక్కర్లేదు.

పెయింట్ కొట్టించాక వారం రోజులు ఆగండి. పైకి ఆరినట్టే ఉన్నా లోపల థిన్నర్ మిగిలి ఉంటుంది. తర్వాత కార్నోబా వ్యాక్స్, సిలికాన్ లేనిది, ఆరేడు కోట్లు. ఒక్కో కోటుకీ మధ్య గంటైనా ఆగి, మెత్తని గుడ్డతో తుడవాలి. ఆ పైన పీవీఏ. ఇక్కడ ఒక హెచ్చరిక. ఫెవికాల్ లాంటి తెల్ల బంకను కూడా పీవీఏ అనే అంటారు. అది వేరు, ఇది వేరు. మనకి కావాల్సింది నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్, ఫైబర్ సామాను అమ్మే షాపుల్లో రిలీజ్ ఏజెంట్ అంటే ఇస్తారు. బంక పూస్తే మళ్లీ మొదటికొస్తారు. పీవీఏని మొదట పొగమంచులా పలుచగా, అది ఆరాక కాస్త నిండుగా స్ప్రే చేయండి. కాకినాడ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి. అసలు ప్లగ్గు మీదికి పోయే ముందు, అదే పెయింట్, అదే వ్యాక్స్, అదే పీవీఏ పూసిన చిన్న చెక్క ముక్క మీద రెజిన్ వేసి ఊడుతుందో లేదో చూసుకోండి.

ఇప్పుడు బోటు మేస్త్రీ దగ్గరికి వద్దాం. ఆయన మాట అచ్చు వరకు పూర్తిగా వినండి. మన తీరంలో ఫైబర్ బోట్లు చేసేవాళ్లకి జెల్‌కోట్ (అచ్చు పైపొరగా పూసే చిక్కని రెజిన్), మ్యాట్, పాలిస్టర్ మీద ఉన్న చేతివాటం మీ కాలేజీ ల్యాబులో దొరకదు. అచ్చుకి కావాల్సింది కూడా అదే: మందంగా, బరువుగా, కదలకుండా, చవగ్గా. కానీ బాడీకి ఆయన పద్ధతి పనికిరాదు. బోటుకి మందం బలం, మనకి మందం శత్రువు. మ్యాట్ అంటే చిన్న చిన్న గాజు పోగులు ఎటుపడితే అటు పడి ఉండే దుప్పటి. అది రెజిన్‌ను విపరీతంగా తాగుతుంది. పైగా ఆ పోగుల్ని పట్టి ఉంచే బంక స్టైరీన్‌లో కరిగేలా చేసింది కాబట్టి ఎపాక్సీతో (ఇది ఇంకో రకం రెజిన్) మ్యాట్ సరిగ్గా తడవదు కూడా. కాబట్టి అచ్చు పాలిస్టర్, మ్యాట్. బాడీ ఎపాక్సీ, నేసిన గ్లాస్ క్లాత్. ఈ రెండు పనులకీ బ్రష్షులు, గిన్నెలు కూడా వేరుగా పెట్టుకోండి.

అచ్చు కోసం సన్‌మైకా అంటించిన ప్లైవుడ్‌లో ప్లగ్గు పక్క ఆకారాన్ని కోసి, అందులో ప్లగ్గును సరిగ్గా సగం దాకా కూర్చోబెట్టండి. చుట్టూ ఐదు సెంటీమీటర్ల అంచు ఉండాలి. చెక్కకీ ప్లగ్గుకీ మధ్య సందులో పిల్లలు ఆడుకునే క్లే కూరి, చదరం పెట్టి సరిగ్గా లంబకోణంలో చెక్కండి. ఇక్కడ క్లే గుండ్రంగా వదిలేస్తే బాడీ అతుకు పొడవునా ఒక గట్టు వస్తుంది, ప్రతి బాడీ మీదా దాన్ని రుద్దుకుంటూ కూర్చోవాలి. రెండు సగాలూ ప్రతిసారీ అదే చోట కలవడానికి అంచు మీద అక్కడక్కడా సగం గోలీ అంత గుంటలు పెట్టండి.

జెల్‌కోట్ ముదురు రంగుది తీసుకోండి, నలుపైతే మరీ మంచిది. తర్వాత గాజు క్లాత్ పరిచినప్పుడు గాలి బుడగలు తెల్లగా కనిపిస్తాయి. అర మిల్లీమీటరు మందం చాలు. వేలు పెడితే జిగురుగా ఉండి, వేలికి అంటుకోని దశలో మొదటి మ్యాట్ వేయాలి. మూలల్లో మ్యాట్ వంగదు, దాని కింద గాలి నిలిచిపోతుంది. అందుకని ముందే ఆ మూలల్ని రెజిన్‌లో నూరిన పోగుల ముద్దతో నింపండి. మొదట 300 గ్రాముల (చదరపు మీటరుకి తూగే బరువు) మ్యాట్ ఒక్కటే వేసి గట్టిపడనివ్వండి. మర్నాడు 450 గ్రాములవి మూడు. అన్నీ ఒకేసారి వేస్తే వేడెక్కి, వంకర పోతుంది, కింద ఉన్న పీఎల్ఏ కూడా ఆ వేడికి మెత్తబడుతుంది. మొత్తం నాలుగు మిల్లీమీటర్ల పైన వస్తుంది, ఈ సైజుకి సరిపోతుంది.

మొదటి సగం గట్టిపడ్డాక ప్లగ్గును ఊడదీయకూడదు. చాలామంది ఆత్రం ఆపుకోలేక ఇక్కడే చెడగొట్టుకుంటారు. చెక్కను మాత్రమే తీసేసి, ప్లగ్గును మొదటి సగంలోనే ఉంచి, కొత్త అంచుకి వ్యాక్స్, పీవీఏ పూసి, రెండో సగం దాని మీదే పోయాలి. అదయ్యాక, విడదీయకముందే అంచుల్లో 15 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున 6 మి.మీ. బోల్టు రంధ్రాలు వేసేయండి. వారం అలాగే ఉంచి, అప్పుడు ప్లాస్టిక్ మేకుల్లాంటివి అంచు మధ్యలో నెమ్మదిగా దించుతూ, సందులో నీళ్లు పోయండి. పీవీఏ కరిగి దారి ఇస్తుంది. ఇనప స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోకండి, చేతికి అందితే వాడబుద్ధేస్తుంది.

పాలిస్టర్ పనిలో ప్రాణం మీదికి తెచ్చే విషయం ఒకటుంది. మేస్త్రీ మీకు రెండు సీసాలు ఇచ్చి ఉంటాడు, గట్టిపడటాన్ని వేగపరిచే ఊదారంగు కోబాల్ట్ ఒకటి, నీళ్లలా ఉండే ఎంఈకేపీ హార్డ్‌నర్ ఒకటి. ఆ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, మంట లేచి పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపేశాక, ఆ తర్వాతే నూటికి ఒకటి రెండు పాళ్లు ఎంఈకేపీ వేయాలి. రెండు సీసాలూ పక్కపక్కన కూడా పెట్టకండి. ఎంఈకేపీ కంట్లో పడితే చూపు పోతుంది, కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోకుండా సీసా మూత తీయకండి. దుమ్ముకి పెట్టుకునే మాస్కు స్టైరీన్ ఆవిరిని ఆపదు, ఆరుబయటే చేయండి.

బాడీకి ఎపాక్సీ మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: ఎల్‌వై 556తో హెచ్‌వై 951, లేదా లాపాక్స్ ఎల్-12తో కె-6. రెండింటికీ బరువులో 100కి 10 పాళ్లు హార్డ్‌నర్. బరువులో అన్నాను, కొలతల గ్లాసుతో కాదు. నగల తూకం లాంటి 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు కొనుక్కోండి. పాలిస్టర్‌లో చలి రోజున హార్డ్‌నర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది, మేస్త్రీ అలాగే చెబుతాడు. ఎపాక్సీలో అది కుదరదు. ఇక్కడ హార్డ్‌నర్ కూడా రెజిన్‌లో భాగమే. ఎక్కువైతే ఆ ఎక్కువ మిగిలిపోయి బాడీ ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. ఒకేసారి ముప్పై నలభై గ్రాములకు మించి కలపకండి, కలిపింది లోతు గిన్నెలో ఉంచకండి. తనలో తనే వేడెక్కి పొగలు కక్కుతుంది. వెడల్పు పళ్లెంలో పోసుకుంటే చాలాసేపు పనికొస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీకి ఒంటికి ఒకసారి అలర్జీ పట్టుకుందంటే అది పోదు, ఈ సరదాకి అక్కడితో చుక్క పడినట్టే. చేతికి అంటితే థిన్నర్‌తో కడగొద్దు, అది రెజిన్‌ను చర్మంలోకి ఇంకా లోపలికి పంపిస్తుంది. సబ్బు, నీళ్లు చాలు.

పొరల లెక్క చెప్పేముందు ఒక సలహా. మొదటి బాడీకి ముక్కు నుంచి తోక దాకా మొత్తం అచ్చు వద్దు. తోక వైపు సన్నని గొట్టంలో చెయ్యి కాదు కదా, బ్రష్ కూడా పోదు. లోపలి అతుకు వేయడానికి గాలి ఊదే ట్యూబులు, తడి క్లాత్ అంచులు మడిచి మూయడం లాంటివి నేర్చుకోవాలి. అవి రెండో బాడీకి ఉంచుకోండి. ఇప్పుడు రెక్క వెనక దాకా, అంటే ముందున్న 45 సెంటీమీటర్ల భాగాన్ని మాత్రమే అచ్చు తీయండి. తోకకి రెడీమేడ్ కార్బన్ గొట్టం పెట్టండి. 12 మి.మీ. బయటి వ్యాసం, 10 లోపలి వ్యాసం ఉన్నది 70 సెంటీమీటర్లు 37 గ్రాములు తూగుతుంది. కార్బన్ ఫిషింగ్ రాడ్ ముక్క అయినా పనిచేస్తుంది, అది కొనకి సన్నబడుతుంది కాబట్టి ఇంకా తేలిక. గొట్టాన్ని బాడీలోకి 12 సెంటీమీటర్లు దూర్చి, రెండు ప్లైవుడ్ అడ్డాల్లో కూర్చోబెట్టండి. అతికించే ముందు రెక్కనీ తోకనీ బిగించి, వెనక నుంచి చూసి రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి.

అచ్చులో వ్యాక్స్, పీవీఏ, ఆ పైన పలుచగా ఎపాక్సీ. మొదటి పొర 50 గ్రాముల క్లాత్. బలం కోసం కాదు, పైన నేత గీతలు, సూది బెజ్జాలు కనబడకుండా. తర్వాత 160 గ్రాములవి రెండు, పోగులు బాడీ పొడవుకి 45 డిగ్రీల్లో వచ్చేలా ఏటవాలుగా కోసి పరచండి. ఏటవాలు క్లాత్ వంపుల్లో బాగా ఒదుగుతుంది, మెలికకి కూడా గట్టిగా నిలబడుతుంది. మూడు మిల్లీమీటర్ల కన్నా పదునైన మూలలో క్లాత్ దిగదు, అక్కడ ఎపాక్సీలో దూది పొడి కలిపిన ముద్ద పెట్టండి.

అదనపు ముక్కలు ముక్కు కింద, రెక్క సీటు చుట్టూ. మీ బాల్సా బాడీ రెక్క వెనకే ఎందుకు విరుగుతోందంటే, రెక్క కూర్చునే భాగం గట్టిగా ఉండి, దాని వెనకది ఒక్కసారిగా మెత్తగా ఉంది. దిగినప్పుడు ముక్కు ఆగిపోతుంది, తోక బరువు కిందికి పోతూనే ఉంటుంది, ఆ లాగుడంతా గట్టి-మెత్తని చోట్ల సరిహద్దు మీదే పడుతుంది. ఫైబర్‌లో కూడా అదనపు ముక్కలన్నీ ఒకే గీత మీద ఆగితే సరిగ్గా ఆ గీత మీదే విరుగుతుంది. ఒక్కో ముక్కను రెండు మూడు సెంటీమీటర్లు ముందు వెనకలుగా ఆపండి, చివరలు ఏటవాలుగా కోయండి. మీ అసలు సమస్యకి మందు ఇదే, కార్బన్ కాదు.

బరువు లెక్క తేలిక. ఈ ముందు భాగం చుట్టుకొలత సగటున 22 సెంటీమీటర్లు అనుకుంటే, 45 సెంటీమీటర్ల పొడవుకి సుమారు 0.1 చదరపు మీటరు. 50, 160, 160 కలిపి చదరపు మీటరుకి 370 గ్రాములు, అంటే 37 గ్రాముల క్లాత్. అదనపు ముక్కలు ఓ పది. మొత్తం 47. చేతి పనిలో రెజిన్ బరువు క్లాత్ బరువుతో సమంగా ఉంటే మంచి పని కింద లెక్క. అంటే 94, అతుకు టేపుకి ఇంకో పది. గొట్టంతో కలిపి 140 గ్రాముల దగ్గర రావాలి. ఇది సాధించే చిట్కా బ్రష్‌లో లేదు, త్రాసులో ఉంది: పొడి క్లాత్ అంతా కోసి ముందు తూచండి, అంతే బరువు రెజిన్ కొంచెం కొంచెంగా కలుపుకోండి, గిన్నెకి అంటుకుపోయేదానికి కాస్త చేర్చండి. అది అయిపోతే ఇక కలపొద్దు. ఎక్కడైనా పొడిగా కనిపిస్తే పక్కన చెమర్చినట్టున్న చోటు నుంచి బ్రష్‌తో తోసుకురండి. మెరుస్తూ కనిపించే బాడీలో రెజిన్ ఎక్కువైందని అర్థం.

గట్టిపడుతూ ఉండగా, తోలులా వంగే దశ ఒకటొస్తుంది. అప్పుడు కొత్త బ్లేడుతో అంచు వెంబడి మిగులు కోసేయండి. ఆ దశ దాటితే రంపం పట్టాల్సి వస్తుంది. మర్నాడు లోపలి అంచులకి తడి బట్ట పెట్టి తుడవండి. తేమ రోజుల్లో ఎపాక్సీ మీద జిడ్డు పొర లేస్తుంది, అది నీటికే పోతుంది, పోకపోతే మాత్రం దాని మీద ఏదీ అంటదు. ఎమ్రీతో గరుకు చేసి, సగాలు బోల్టులతో బిగించి, ముక్కు రంధ్రం నుంచి, రెక్క సీటు తెరిపి నుంచి కర్రకి కట్టిన బ్రష్‌తో 25 మి.మీ. టేపు అతుకు మీద పరచండి. ఎడమ-కుడి విభజన ఇక్కడ మళ్లీ కలిసొస్తుంది: వీపు అతుకు రెక్క తెరిపిలోంచే పోతుంది, పొట్ట అతుకు దానికి నేరుగా ఎదురుగా కనిపిస్తుంది.

అచ్చును మూసే ఉంచి రెండు రోజులు ఆగి, తర్వాత నల్ల గుడ్డ కప్పి డాబా మీద ఎండలో కొన్ని గంటలు పెట్టండి. 50 డిగ్రీల పైన వేడి తగిలిన ఎపాక్సీ ఇంకా బిగుస్తుంది. వేడి తగలకుండా గది వాతావరణంలోనే గట్టిపడిన ఎపాక్సీ మొదటిసారి ఎండలో మెత్తబడేది మైదానంలోనే, రెక్క బిగించాక. రంగు కూడా తెలుపే వేయండి, ముందు పీవీఏని నీళ్లతో కడిగేసి. మనుషులెక్కే ఫైబర్ గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగా ఉండేది ఈ వేడి భయంతోనే. గాజు ఫైబర్‌తో చేసిన మొదటి గ్లైడర్, 1957లో ఎగిరిన ఎఫ్ఎస్-24 ఫీనిక్స్, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఇంజినీరింగ్ విద్యార్థుల బృందం నుంచే వచ్చింది. దాని చర్మం గాజు పొరల మధ్య బాల్సా. మీ దగ్గర మిగిలిన బాల్సా పారేయకండి, తోక రెక్కలకి పనికొస్తుంది.

ఇక కార్బన్. తోక గొట్టానికి బాగుంటుంది, అక్కడ వాడేశాం. ముందు భాగానికి మాత్రం వద్దు. కార్బన్ కరెంటును పోనిస్తుంది కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని అడ్డుకుంటుంది. రిసీవర్‌ను కార్బన్ ముక్కులో పెడితే దగ్గర్లో అంతా బాగానే ఉంటుంది, గ్లైడర్ దూరంగా పోయి ముక్కు మీవైపు తిరిగినప్పుడు పట్టు తప్పుతుంది. గాజుకి ఆ ఇబ్బంది లేదు. పోటీ గ్లైడర్లలో కూడా ముక్కు వరకు గాజు లేదా కెవ్లార్ (ఇంకో రకం గట్టి పోగు), వెనక కార్బన్ పెట్టడం మామూలే. కెవ్లార్ రుద్దితే నున్నబడదు, పీచు లేస్తుంది, మొదటి బాడీకి దాని జోలికి పోకండి. రిసీవర్ యాంటెన్నా కొనలు గొట్టానికీ బ్యాటరీకీ దూరంగా ఉంచితే చాలు.

తోక వైపు ప్రతి గ్రామునూ అనుమానంగా చూడండి. తోక సీజీకి 60 సెంటీమీటర్ల వెనక ఉండి, ముక్కులో సీసం పెట్టే చోటు 30 సెంటీమీటర్ల ముందు ఉంటే, తోకలో పెరిగిన ఒక్క గ్రాముకి ముక్కులో రెండు గ్రాములు పెట్టాలి. మీ పాత తోక తెచ్చి గొట్టానికి బిగించే ముందు ఒకసారి తూచి, ఆ అంకె నాకు రాయండి. 40 గ్రాములు దాటితే కొత్తది కట్టుకోమనే చెబుతాను.